లైటు వేస్తే పాట పోతోంది

బండి, బ్యాటరీ, బల్బు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాస్టారూ, నమస్తే. మాది కదిరి దగ్గర పల్లె. ఏడేళ్లుగా బెంగళూరు రామమూర్తి నగర్‌లో ఉంటున్నాను. హోస్కోటె వైపు ఒక ఫ్యాక్టరీలో సెకండ్ షిఫ్ట్. రాత్రి పదింటికి దిగి పాత మద్రాసు రోడ్డు మీద ఇంటికొస్తాను. నా 150 సీసీ బండి హ్యాండిల్‌కు చిన్న ఎఫ్ఎం స్పీకర్ పెట్టె బిగించుకున్నాను. వివిధ భారతి 102.9 వింటూ వస్తే అలసట తెలియదు. దారిలో హంపులు కనపడటం లేదని మొన్న రెండు ఎల్ఈడీ ఫాగ్ లైట్లు వేయించాను, ఒక్కొక్కటి 20 వాట్లు. వెలుతురు బ్రహ్మాండంగా ఉంది. కానీ స్విచ్ వేయగానే పాట పోయి బుస్సుమని శబ్దం. కె.ఆర్. పురం దాటి సిటీలోకి వచ్చాక కొంచెం నయం. ఫ్యాక్టరీ దగ్గరైతే అసలు ఏమీ వినపడదు. వైర్లు అందంగా ఉండాలని రేడియో ఏరియల్ తీగ, లైటు వైర్లు అన్నీ కలిపి ఒకే కట్టగా ట్యాగులు వేయించాను. మెకానిక్‌ను అడిగితే ఒక రెసిస్టర్ పెట్టాడు, అది కాలిపోయేంత వేడెక్కుతోంది తప్ప లాభం లేదు. ఫ్రెండ్ చెప్పాడని లైటుకు అల్యూమినియం ఫాయిల్ కూడా చుట్టాను. రేడియో మార్చేయమంటున్నారు. మార్చాలా?

జవాబు: నాయనా, రేడియో మార్చొద్దు. ముందు ఆ రెసిస్టర్ పీకేయ్, ఫాయిల్ విప్పేయ్. తర్వాత మాట్లాడుకుందాం.

ఆ రెసిస్టర్ వేరే పనికి పుట్టింది. ఇండికేటర్లకు ఎల్ఈడీలు వేస్తే అవి కరెంటు తక్కువ తీసుకుంటాయి, దాంతో ఫ్లాషర్ గబగబా కొట్టుకుంటుంది. దాన్ని మామూలు వేగానికి తేవడానికి పాత బల్బంత కరెంటు తాగే రెసిస్టర్ కలుపుతారు. నీ రోగం అది కాదు. బ్యాటరీ కరెంటును ఊరికే వేడిగా మార్చి రోడ్డు మీద పారబోస్తోంది, అంతే. ఫాయిల్ సంగతి ఇంకా దారుణం. ఎల్ఈడీకి వేడి పోవడం ముఖ్యం, అందుకే వెనకాల అల్యూమినియం రెక్కలు పెడతారు. ఆ రెక్కలకే నువ్వు దుప్పటి కప్పావు. పైగా పాటను చెడగొట్టే కరెంటు రొద ఎక్కువగా బయటికొస్తున్నది లైటు ఒంట్లోంచి కాదు, దాని వైరులోంచి.

నేనూ ఈ పాఠం తిన్నగా నేర్చుకోలేదులే. 2019లో నా పాత బండికి వెనకాల చిన్న ఫ్యాన్ ఉన్న ఎల్ఈడీ హెడ్‌లైట్ బల్బు వేయించాను. రేడియో అదే రోజు మూగబోయింది. ఆ రెండూ ఒకే రోజు జరిగాయన్న సంగతి నా బుర్రకు తట్టలేదు. ముప్పై ఏళ్లు రేడియోలు, యాంప్లిఫయర్లు బాగుచేసినవాణ్ణి కదా, వెంటనే స్క్రూడ్రైవర్ పట్టుకున్నాను. ఏరియల్ మార్చాను. స్పీకర్ మార్చాను. బోర్డు మీద బాగానే ఉన్న కెపాసిటర్లు పీకి కొత్తవి వేశాను. రెండు ఆదివారాలు పోయాయి. మూడో వారం పెట్రోలు బంకులో లైన్లో నిలబడి ఇంజను ఆపాను. లైటూ ఆరిపోయింది. రేడియోకు వేరే బ్యాటరీ ఉంది కాబట్టి అది ఆగలేదు. మన కాకినాడలో పుట్టి రాజ్‌కుమార్‌కు గొంతైన పి.బి. శ్రీనివాస్ నూతిలోంచి గట్టు మీదికి వచ్చినట్టు ఒక్కసారిగా వినపడ్డాడు. పెట్రోలు పోసే అబ్బాయి ‘ముందుకు రండి సార్’ అని పిలుస్తున్నా నేను తాళం చెవి తిప్పుతూ, ఆపుతూ అక్కడే నిలబడ్డాను. వెనకాల వాళ్లు హారన్లు కొట్టారు.

ఇంతకీ లైటుకూ పాటకూ సంబంధం ఏమిటంటే, తెల్ల ఎల్ఈడీ చిప్పు ఒక్కోదానికి మూడు వోల్టుల చిల్లర చాలు. బండి బ్యాటరీ 12 వోల్టులు, ఇంజను నడుస్తుంటే 14 దాటుతుంది. మధ్యలో ఒక దళారి కావాలి. ఆ దళారి పేరు డ్రైవర్. లైటు లోపల వేలెడంత బోర్డు. అది కరెంటును కుళాయిలా సన్నగా వదలదు. పూర్తిగా తెరుస్తుంది, పూర్తిగా మూస్తుంది, అలా సెకనుకు లక్ష సార్లు అనుకో. ఎంతసేపు తెరిచి ఉంచాలన్న లెక్కతోనే చిప్పులకు సరిపడా కరెంటు పంపుతుంది. ఇలాగైతే వేడి తక్కువ, కరెంటు ఆదా. అందులో తప్పేం లేదు.

చిక్కంతా ఆ తెరిచి మూసే దెబ్బలో ఉంది. జాతరలో తప్పెట చూశావు కదా. అరచేత్తో రుద్దితే పక్కవాడికి కూడా వినపడదు. పుల్లతో ఛట్టున కొడితే పక్క ఊరికి వినపడుతుంది. ఈ డ్రైవర్ కొట్టేది పుల్లదెబ్బ. అంత పదునైన దెబ్బ లక్ష దగ్గర ఆగదు. రెండు లక్షలు, మూడు లక్షలు అంటూ దాని రెట్లన్నిటి దగ్గరా మోగుతుంది. లక్షకు వెయ్యి రెట్లు ఎంత? పది కోట్లు. సెకనుకు పది కోట్లంటే 100 మెగాహెర్ట్జ్, ఇంచుమించు మన ఎఫ్ఎం నడిమధ్య. నీ 102.9 దగ్గర దాని 1029వ రెట్టు కూర్చుని ఉంటుంది. అంత దూరం వచ్చేసరికి బలం బాగా తగ్గుతుంది. కానీ హోస్కోటె దగ్గర నీ రేడియోకు అందే పాట బలం కూడా అంతంతమాత్రమే కదా. సిటీలోకి వచ్చేకొద్దీ స్టేషన్ సిగ్నల్ బలపడి ఈ రొదను తొక్కేస్తుంది. కె.ఆర్. పురం దాటితే నయం కావడం అందుకే.

ఇక వైరు సంగతి. 100 మెగాహెర్ట్జ్ అల పొడవు మూడు మీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే 75 సెంటీమీటర్ల తీగ దానికి మంచి ఏరియల్. ఇప్పుడు టేపు పట్టుకుని నీ ఫాగ్ లైటు నుంచి సీటు కింద బ్యాటరీ దాకా ఉన్న వైరు కొలువు. మీటరు అటూ ఇటూ ఉంటుంది. లైటు కొన్నప్పుడు నీకు తెలియకుండానే ఒక చిన్న ప్రసార కేంద్రం, దానికి ఏరియల్ కూడా బిగించుకున్నావన్నమాట. ఆ ఏరియల్‌ను తీసుకెళ్లి రేడియో ఏరియల్‌తో కలిపి ట్యాగు వేశావు. అందం సరే. ఇద్దరు దొంగల్ని ఒకే గదిలో పెట్టి తాళం వేసినట్టుంది.

కాబట్టి మొదటి పని ఆ ట్యాగులు కోసేయడం. పైసా ఖర్చు లేదు. రేడియో తీగను లైటు వైర్ల నుంచి కనీసం జానెడు, వీలైతే ఒక అడుగు దూరం జరుపు. ఎక్కడైనా దాటక తప్పకపోతే పక్కపక్కన నడపకుండా అడ్డంగా, కత్తెర గుర్తులా దాటించు. కొందరికి దీంతోనే సగం రొద తగ్గుతుంది.

తర్వాత ఇంజను ఆపి, తాళం ఆన్‌లో ఉంచి, ఫాగ్ లైట్లు మాత్రం వెయ్యి. రొద అలాగే ఉంటే దొంగ లైటే. ఇంజను నడిచినప్పుడే వస్తూ, రేజ్ చేసేకొద్దీ టకటకటక అని వేగం పెరిగితే అది స్పార్క్ ప్లగ్గు పని. దానికి పేరులో ఆర్ అక్షరం ఉన్న రెసిస్టర్ ప్లగ్గు వేయాలి, క్యాప్ చూడాలి, అది వేరే వైద్యం. నువ్వు రాసిందాన్ని బట్టి నీది లైటే అనిపిస్తోంది. అయినా ఒక్క నిమిషం పని, చేసి చూడు. అదే ఊపులో హ్యాండిల్ మీద మొబైల్ ఛార్జర్ ఉంటే దాన్నీ పీకి చూడు. పన్నెండు వోల్టుల్ని ఐదు చేసే ఆ డబ్బాలో కూడా ఇదే రకం దళారి ఉంటాడు. లైట్లకు మందు వేసి, ఛార్జర్‌ను వదిలేసి, మందు పనిచేయలేదని తిట్టుకున్నవాళ్లు నాకు చాలామంది తెలుసు.

ఇప్పుడు అసలు పరీక్ష. రొద రేడియోలోకి ఏ దారిన దూరుతోంది? గాలిలోనా, కరెంటు వైరులోనా? నీ స్పీకర్ పెట్టెకు బండి బ్యాటరీ నుంచి కరెంటు ఇస్తుంటే ఆ వైరు తీసేసి పవర్ బ్యాంకు తగిలించు. లైట్లు వెయ్యి. రొద పోయిందా, అది వైరు దారిన వస్తోంది. పోలేదా, గాలిలో ఏరియల్ దారిన వస్తోంది. రెండు దారులూ ఉన్న బళ్లూ ఉంటాయి, అప్పుడు కొంచెం తగ్గి కొంచెం మిగులుతుంది. ఈ పరీక్ష చేయకుండా, ఎలక్ట్రానిక్ సామాను అమ్మే ఎస్.పి. రోడ్డుకు పరిగెత్తి వస్తువులు కొనొద్దు. నేను రెండు ఆదివారాలు పోగొట్టుకున్నది ఇక్కడే.

ఇంట్లో పాత జేబు రేడియో ఉంటే దాన్ని వేటకుక్కలా వాడుకోవచ్చు. కాకపోతే ఎఫ్ఎంలో కాదు, మీడియం వేవ్‌లో పెట్టు. ఎఫ్ఎం సెట్టు స్టేషన్ లేని చోట ఎలాగూ బుస్సుమంటుంది, తేడా తెలియదు. మీడియం వేవ్‌లో ఏ స్టేషనూ లేని చోట ఆపి, లైటు దగ్గర నుంచి వైరు వెంబడి మెల్లగా జరుపుతూ పో. ఎక్కడ జుయ్ అని గట్టిగా అరిస్తే అక్కడ కారుతోందన్నమాట. నా బండికి లైటు దగ్గర కంటే ట్యాంకు కింద ఎక్కువ అరిచింది. చూస్తే అక్కడ మిగిలిన వైరును మెకానిక్ చుట్టలు చుట్టలుగా చుట్టి దాచాడు.

ఇక మందు. ఆమధ్య ఒక చౌక లైటు విప్పి చూశాను. బోర్డు మీద వైరు లోపలికొచ్చే చోట ఎల్1, సి1 అని అచ్చు వేసి ఉంది. వాటి కింద టంకం మచ్చలు ఖాళీగా మెరుస్తున్నాయి. అంటే గీసినవాడు కాయిల్‌కూ కెపాసిటర్‌కూ చోటు వదిలాడు, తయారుచేసినవాడు నాలుగు డబ్బులు మిగుల్చుకున్నాడు. వాడు మిగుల్చుకున్న ఆ రెండు వస్తువులే మనం ఇప్పుడు బయట కట్టబోతున్నాం.

కాయిల్ స్థానంలో ఫెరైట్, అంటే వైరులో పారే రొదను అడ్డుకునే నల్లటి అయస్కాంత పదార్థపు రింగు. ఎస్.పి. రోడ్డులో ఫెరైట్ కోర్ అంటే ఇస్తారు, తెరిచి మూసే క్లిప్పు రకమూ దొరుకుతుంది. 43 రకం అని అడుగు, ఎఫ్ఎం పనికి అది బాగుంటుంది. కొట్టువాడు తెల్లమొహం వేస్తే పాత కంప్యూటర్ మానిటర్ కేబుల్ చివర ఉండే నల్ల ఉండ కోసి తెచ్చుకో, అదీ ఇదే జాతి. కంప్యూటర్ పవర్ సప్లైలో ఉండే పసుపు, తెలుపు రంగు రింగు మాత్రం వద్దు. అది ఇనుప పొడిది, ఈ పనికి రాదు.

దాన్ని కట్టడంలోనే అందరూ తప్పుచేస్తారు. ఎర్ర వైరు ఒక్కటే దూర్చి ఊరుకుంటారు. అలా చేస్తే లైటు తీసుకునే కరెంటంతా ఒకే దిక్కున పారి ఫెరైట్‌కు కడుపు నిండిపోతుంది, ఇక అది దేన్నీ ఆపలేదు. ఎరుపూ నలుపూ రెండూ కలిపి, ఒకే దిక్కులో దూర్చాలి. అప్పుడు పోయే కరెంటు, వచ్చే కరెంటు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, లైటుకు అడ్డే తగలదు. రెండు వైర్లనూ జంటగా పట్టుకుని బయటికి పారే రొద ఒక్కటే ఇరుక్కుంటుంది. ఒక్కసారి దూర్చి వదలకు, మూడు చుట్లు తిప్పు. మూడు చుట్లకు బలం మూడు రెట్లు కాదు, తొమ్మిది రెట్ల దాకా పెరుగుతుంది. అలాగని పది చుట్లు తిప్పినా లాభం లేదు, చుట్టుకూ చుట్టుకూ మధ్య నుంచే ఎఫ్ఎం రొద దూకి వెళ్లిపోతుంది. మూడు, మహా అయితే నాలుగు. ఫెరైట్ లైటుకు రెండు మూడు అంగుళాల లోపే ఉండాలి. బ్యాటరీ దగ్గర కడితే మధ్యలో ఉన్న మీటరు వైరు అప్పటికే ఏరియల్‌లా రొదను చిమ్మేసి ఉంటుంది.

కెపాసిటర్లు రెండు రకాలు తీసుకో: మీద 104 అని రాసి ఉన్న సిరామిక్ ఒకటి, 102 అని ఉన్నది ఒకటి, రెండూ 50 వోల్టులకు తగ్గకుండా. లైటుకూ ఫెరైట్‌కూ మధ్య, ఎరుపుకూ నలుపుకూ అడ్డంగా రెండూ పక్కపక్కన టంకం వెయ్యి. వాటి కాళ్లు ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. సెంటీమీటరు కాలు వదిలినా 100 మెగాహెర్ట్జ్ దగ్గర అదే ఒక చిన్న కాయిల్‌లా అడ్డుపడి, కెపాసిటర్ పెట్టిన ఫలితం పోతుంది. రెండో లైటుకు మళ్లీ ఇంకో జత. నాకు మొత్తం సామాను వంద రూపాయల లోపే అయింది. ఎస్.పి. రోడ్డులో బండి పెట్టడానికి చోటు వెతకడంలో పోయిన పెట్రోలు వేరే లెక్క.

ఇంకో మాట నలుపు వైరు గురించి. చాలామంది మెకానిక్‌లు దాన్ని హ్యాండిల్ దగ్గర బోల్టుకు బిగించి వదిలేస్తారు. అప్పుడు కరెంటు స్టీరింగ్ బేరింగుల గ్రీజులోంచి, ఛాసిస్‌లోంచి ఊరంతా తిరిగి బ్యాటరీకి చేరుతుంది. అంత పెద్ద చుట్టు ఒక పెద్ద ఏరియల్. నలుపు వైరును కూడా నేరుగా బ్యాటరీ మైనస్ దాకా తెచ్చుకో. ఎరుపూ నలుపూ రెంటినీ జడలా మెలిపెట్టి తీసుకురా. ఎర్ర వైరుకు బ్యాటరీ దగ్గరే 5 ఆంపియర్ల ఫ్యూజు పెట్టు. నీ రెండు లైట్లూ కలిపి 40 వాట్లు, కరెంటు మూడున్నర ఆంపియర్ల లోపే, కాబట్టి అది సరిపోతుంది.

ఫెరైట్ అంటే కుండపెంకు లాంటిది. బండి అదురుకు ఎక్కడైనా కొట్టుకుంటే పగులుతుంది. సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, రెండు చోట్ల ట్యాగు వెయ్యి. టంకం మీద ష్రింక్ ట్యూబు తొడిగి, చివర్లకు సిలికాన్ పూయి. బెంగళూరు వాన నీకు నేను చెప్పాలా.

ఇన్నీ చేశాక కూడా పవర్ బ్యాంకు పరీక్షలో వైరు దారిన కొంచెం వస్తున్నట్టు తేలితే, రేడియో కరెంటు వైరుకు కూడా ఒక క్లిప్పు ఫెరైట్ పెట్టు. ఇక అప్పటికీ వదలకపోతే ఆ లైట్లు బాగుపడే రకం కాదు. లోహపు డబ్బాలో డ్రైవర్ ఉన్న మంచి లైట్లు కొనుక్కో, పాతవి ఇంటి దగ్గర గొడ్లచావిట్లో వెలిగించుకోవచ్చు. అవునూ, కొత్తవైనా పాతవైనా మొహం కిందికి దించి బిగించు. 2024 జులైలో కర్ణాటక పోలీసులు కళ్లు జిగేల్‌మనిపించే ఎల్ఈడీ లైట్ల మీద ప్రత్యేకంగా కేసులు రాయడం మొదలుపెట్టారు. హంపు నీకు కనపడాలి కానీ ఎదుటివాడికి కళ్లు పోకూడదు కదా.

ప్రశ్న: సార్, కంపెనీ నుంచే ఎల్ఈడీ హెడ్‌లైట్‌తో వచ్చే బండి కొంటే ఈ గొడవ ఉండదా? పైగా ఈమధ్య బళ్లలో హెడ్‌లైట్ ఆపే స్విచ్ కూడా లేదు.
(యలహంక నుంచి ఒక పాఠకుడు)

జవాబు: చాలావరకు ఉండదు. బండి అమ్మకానికి రాకముందే అది బయటికి ఎంత రొద చిమ్ముతోందో పరీక్షిస్తారు, మన దేశంలో దానికి ఏఐఎస్-004 మూడో భాగం అని ప్రమాణం ఉంది. ఆ పరీక్ష కంపెనీ అమర్చిన లైటుకే. తర్వాత మీరు బయట కొట్లో వేయించిన దాన్ని ఎవరూ చూడలేదు. స్విచ్ సంగతి నిజమే. 2017 ఏప్రిల్ నుంచి కొత్త టూవీలర్లకు ఇంజను నడిచినంతసేపూ హెడ్‌లైట్ వెలగాల్సిందే. అందుకే ఆ బల్బు తీసి చౌక ఎల్ఈడీ వేస్తే రొద పగలూ రాత్రీ తప్పదు. ఫాగ్ లైటైతే కనీసం పాట కోసం కాసేపు ఆపుకోవచ్చు.

ప్రశ్న: మాస్టారు గారూ, మాది వైట్‌ఫీల్డ్‌లో ఫ్లాటు. మా మామగారు కడప నుంచి వచ్చేటప్పుడు తన ట్రాన్సిస్టర్ తెచ్చుకున్నారు. మీడియం వేవ్ పెడితే ఇల్లంతా జుయ్‌మంటోంది. ‘మీ ఇంట్లో రేడియో కూడా పలకదు’ అని చిన్నబుచ్చుకుంటున్నారు.
(ఒక పాఠకురాలు)

జవాబు: అమ్మా, ఇదీ ఆ జాతి రోగమే. పైన బండి లైటులో చెప్పిన దళారి లాంటివాడే ఇంట్లో ఎల్ఈడీ ట్యూబుల్లోనూ, ఫోన్ ఛార్జర్లలోనూ ఉంటాడు. రేడియోను బ్యాటరీ సెల్స్ మీద నడుపుతూ, మీటరు బోర్డులో ఎంసీబీలు ఒక్కొక్కటే దించండి. ఏది దించితే జుయ్ ఆగిందో ఆ గదిలో లైట్లు ఒక్కొక్కటే ఆపి చూడండి. సాధారణంగా దొంగలు ఒకరో ఇద్దరో ఉంటారు, ఆ లైటు మారిస్తే చాలు. అన్నీ దించినా ఆగకపోతే అది పక్క ఫ్లాటుది, అక్కడ మనం చేయగలిగింది తక్కువ. రేడియోను గోడకు దూరంగా, బాల్కనీలో పెట్టండి.

ఇంకోటి మామగారికి బహుశా తెలిసే ఉంటుంది. మా నాన్న ఇక్కడికొచ్చాక కూడా రాత్రిపూట కడప స్టేషన్, 900 కిలోహెర్ట్జ్, పట్టుకునేవాడు. పాట కంటే గరగర ఎక్కువగా ఉండేది. ఆయన స్టేషన్ ముల్లు ముట్టుకునేవాడు కాదు. రేడియోనే అరుగు మీద పెట్టి మెల్లగా తిప్పేవాడు. లోపల ఫెరైట్ కడ్డీ ఏరియల్ ఉంటుంది. దాని మొన రొద వచ్చే వైపు తిరిగితే ఆ వైపు నుంచి వినడం మానేస్తుంది. ఆయనకు కడ్డీ సంగతి తెలియదు. తిప్పుతూ తిప్పుతూ ఒక చోట గరగర సన్నగిల్లేది, అక్కడ ఆపి, రేడియో కదలకుండా పక్కన వక్కల డబ్బా ఆనించేవాడు.